నిదర్శనం చూపించు స్వామీ: కథల్లో దైవాన్ని గురుతు అడిగే పాత్రలు

కథలో ఒక పాత్ర చేతులు జోడించి, ‘నువ్వున్నది నిజమైతే ఒక్క నిదర్శనం చూపించు’ అని దైవాన్ని అడిగిందంటే, ఆ కథ రాసేవారికి అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. నిదర్శనం వచ్చేస్తే ముడి దేవుడే విప్పినట్టవుతుంది, పాత్రకు చేయడానికి ఏమీ మిగలదు. రాకపోతే కథ అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. వచ్చిందో రాలేదో తేల్చకుండా వదిలేస్తే చదివేవారికి చిరాకు పుడుతుంది. ఇన్ని చిక్కులున్నా కథకులు వేల ఏళ్లుగా ఈ సన్నివేశాన్ని వదలలేదు. మనిషి దైవాన్ని గురుతు అడిగే తీరులో అతని భయం, బేరం, పొగరు, నమ్మకం అన్నీ ఒక్కసారిగా బయటపడతాయి మరి. మంచి కథకులందరూ ఇక్కడ రెండు విషయాల మీద కన్ను వేసి ఉంచారు. అడిగిన మనిషి ఏం పణంగా పెట్టాడు? జవాబు వచ్చాక ఏం చేయవలసి వచ్చింది? దేవుడి మహిమ వీటి తర్వాతిదే.

బైబిల్ పాత నిబంధనలో, న్యాయాధిపతుల గ్రంథంలో కనిపించే గిద్యోను ఈ వరుసలో అందరికన్నా జంకు ఉన్నవాడు. మిద్యానీయుల దాడులకు భయపడి గానుగ చాటున గోధుమలు నూర్చుకుంటున్న రైతు. నీ జనాన్ని నువ్వే కాపాడాలి అని దైవం పిలిస్తే నమ్మలేకపోయాడు. బండలోంచి అగ్ని లేచి తాను పెట్టిన మాంసాన్ని, రొట్టెలను కాల్చివేయడం కళ్లారా చూశాక కూడా అతని అనుమానం తీరలేదు. కళ్లంలో గొర్రెబొచ్చు పరిచి, తెల్లవారేసరికి బొచ్చు మాత్రమే తడవాలి, నేల పొడిగా ఉండాలి అన్నాడు. అలాగే జరిగింది, పిండితే గిన్నెడు నీళ్లు వచ్చాయి. అయినా చాలలేదు. కోప్పడవద్దు, ఇంకొక్కసారే అడుగుతానంటూ షరతును తిరగేశాడు: ఈసారి నేల తడవాలి, బొచ్చు పొడిగా ఉండాలి. బొచ్చు మంచు పీల్చుకోవడం మామూలే కదా అన్న శంక అతనికి వచ్చి ఉంటుందని, అందుకే రెండో పరీక్ష పెట్టాడని ఊహించవచ్చు. ప్రయోగాన్ని తిప్పి చేసి చూసుకునే మనస్తత్వం అది.

అన్నిసార్లు అడిగినందుకు దైవం అతన్ని మందలించలేదు. కానీ తర్వాతి అధ్యాయంలోనే అతని సైన్యం 32,000 నుంచి 10,000కు, అక్కడి నుంచి 300కు తగ్గిపోతుంది. గొర్రెబొచ్చు తడిసిందా లేదా అని రెండు తెల్లవారుజాములు తడిమి చూసుకున్న మనిషి, ఆ 300 మందితో, బూరలూ ఖాళీ కుండలూ కుండల్లో దాచిన దివిటీలూ పట్టుకుని నడిరాత్రి శత్రువు మీదికి పోవాలి. అడిగినంత రుజువు ఇచ్చిన కథ, ఆ రుజువుకు సరిపడా ధైర్యాన్ని కూడా అతని నుంచి రాబట్టింది. పైగా అతని భయం చివరికి తీరింది గొర్రెబొచ్చు వల్ల కూడా కాదు. శిబిరం అంచున ఒక శత్రు సైనికుడు తన కలను తోటివాడికి చెబుతుంటాడు: యవల రొట్టె ఒకటి దొర్లుకుంటూ వచ్చి గుడారాన్ని కూల్చేసిందట. చాటుగా ఆ మాట విన్నాకే గిద్యోను మోకరిల్లి, వెనక్కి వచ్చి తనవాళ్లను లేపుతాడు.

పరాయి నోట చెవిన పడిన మాట దైవం మాట కావడం ప్రాచీన గ్రీకు కవి హోమర్‌కూ బాగా తెలిసిన సంగతే. ‘ఒడిస్సీ’ 20వ సర్గలో, చాలా ఏళ్లకు తిరిగివచ్చిన రాజు ఒడిస్సియస్ సొంత ఇంట్లోనే బిచ్చగాడి వేషంలో పడుకుని ఉంటాడు. భార్యను పెళ్లాడతామని తిష్ఠవేసిన 108 మందిని తెల్లవారితే ఎదుర్కోవాలి. ఆమె ఏడుపు వినిపించి లేస్తాడు. బయటికి వెళ్లి చేతులెత్తి జ్యూస్ దేవుణ్ణి రెండు గురుతులు అడుగుతాడు: బయట ఆకాశంలో ఒకటి, లోపల మేలుకున్నవారి నోట ఒక మాట. వెంటనే ఉరుము ఉరుముతుంది. అంతటితో ఆపి ఉంటే అది మామూలు పురాణ సన్నివేశమే అయ్యేది. హోమర్ మనల్ని తిరగళ్ల గదిలోకి తీసుకుపోతాడు. అక్కడ రాత్రంతా 12 మంది ఆడవాళ్లు యవలు, గోధుమలు విసరాలి. మిగిలినవాళ్లు తమ వంతు ముగించి నిద్రపోయారు. అందరిలోకీ బలహీనురాలైన ఒకామె పని మాత్రం ఇంకా తెమలలేదు. ఆమె తిరగలి ఆపి ఆకాశం వైపు చూస్తుంది. మబ్బు లేకుండా ఉరిమావంటే ఇది ఎవరికో నువ్వు చూపుతున్న గురుతే అయి ఉంటుంది, ఈ పేదరాలి కోరిక కూడా తీర్చు, పిండి విసిరించి నా మోకాళ్లు విరగ్గొట్టిన ఈ మనుషులకు ఈ ఇంట్లో ఇదే చివరి భోజనం కావాలి అంటుంది.

ఆమెకు రాజు వచ్చాడని తెలియదు. తన మాటే ఒకరి ప్రార్థనకు జవాబు అవుతోందనీ తెలియదు. పాత్ర అడిగిన నిదర్శనాన్ని మరో మనిషి బాధలోంచి పుట్టించడం అసాధారణమైన నేర్పు. దేవుడు జవాబిచ్చాడని చెబుతూనే, ఆ ఇంట్లో ఎవరి వెన్ను విరుగుతోందో కూడా కవి చూపించాడు. ఒడిస్సియస్‌కు ఆ ఉదయం ధైర్యం ఇచ్చింది ఉరుము ఎంతో, ఆ పేదరాలి శాపనార్థం అంత.

పక్కవాడి మాటను శకునంగా తీసుకునే అలవాటు మన దగ్గరా పాతదే. మహాభారతం ఉద్యోగపర్వంలో దీనికి ఏకంగా ఒక దేవత ఉంది, ఆమె పేరు ఉపశ్రుతి. ఇంద్రుడు కనబడకుండా పోయాడు, నహుషుడు ఇంద్రపదవిలో కూర్చుని శచీదేవిని తనదాన్ని కమ్మంటున్నాడు. గడువు అడిగి బయటపడిన శచి, తన పాతివ్రత్యమే నిజమైతే దారి చూపమని రాత్రి వేళ ఉపశ్రుతిని వేడుకుంటుంది. దేవత ప్రత్యక్షమై ఆమెను తామర తూడులో దాగిన ఇంద్రుడి దగ్గరికి నడిపిస్తుంది. గిద్యోను బయటి వస్తువు మీద షరతు పెట్టాడు. శచి షరతు తన మీదే పెట్టుకుంది. నేను ఇలా బతికానన్నది నిజమైతే ఆ నిజమే ఈ పని జరిపించాలి అనే ఈ పద్ధతి మన ఇతిహాసాలలో అడుగడుగునా ఉంది. దీనికి పరాకాష్ఠ దమయంతి స్వయంవరం.

నన్నయ అరణ్యపర్వంలో తెలుగు చేసిన కథ ఇది. శ్రీనాథుడి ‘శృంగార నైషధం’ వల్ల తెలుగువారికి మరింత దగ్గరైంది. దమయంతి మనసు హంస మాటలతోనే నలుడి వశమైంది. ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు కూడా ఆమెను కోరి వచ్చారు. ఆమె ఎవరిని వరిస్తుందో తెలిసిన నలుగురూ నలుడి రూపమే ధరించి అతని పక్కన కూర్చున్నారు. వరమాల పట్టుకున్న పిల్ల ఎదుట ఒకే పోలికతో ఐదుగురు. దమయంతి ముందు దేవుణ్ణి అడగలేదన్నది ఇక్కడ గమనించాలి. ముందు తన బుద్ధిని అడిగింది. దేవతల లక్షణాలు ఏమేమిటో పెద్దల నోట విన్నాను, వాటిలో ఒక్కటీ వీరిలో కనిపించడం లేదే అని తర్కించుకుంది. తనకు తెలిసిన చదువంతా అయిపోయాకే వణుకుతూ చేతులు జోడించింది.

ఎవరికి? తనను చిక్కులో పెట్టిన ఆ నలుగురికే. పోటీదారులూ వాళ్లే, న్యాయం చెప్పవలసినవారూ వాళ్లే. హంస మాట విని నైషధుణ్ణి భర్తగా వరించానన్నది సత్యమైతే ఆ సత్యం వల్ల దేవతలు అతన్ని నాకు చూపుదురు గాక అంటుంది. మనసా వాచా తప్పలేదన్నది సత్యమైతే, అంటూ ఒక్కొక్క సత్యాన్నీ మెట్టు మెట్టుగా పేరుస్తుంది. చివరికి అడిగినది చూడండి: లోకపాలురు తమ నిజరూపం ధరించాలి, అప్పుడు నలుణ్ణి నేను గుర్తుపడతాను. నలుణ్ణి వేలుపెట్టి చూపించమని ఆమె పట్టుబట్టలేదు. దేవతలు దేవతల్లా ఉంటే చాలు, పోల్చుకునే పని తనది.

దేవతలు దిగివచ్చారు. అప్పుడు వచ్చే వర్ణన ఈ మొత్తం సంప్రదాయంలోనే అత్యంత సుందరమైన ఘట్టం. నలుగురికి చెమట లేదు, రెప్పపాటు లేదు, మెడలోని దండలు వాడలేదు, ఒంటిమీద దుమ్ము లేదు, పాదాలు నేలకు ఆనలేదు. ఐదోవాడికి నీడ పడుతోంది. దండ వాడింది, ఒళ్లు చెమట పట్టింది, దుమ్ము అంటింది, కాళ్లు నేల మీద ఉన్నాయి, రెప్పలు కొట్టుకుంటున్నాయి. దమయంతి సిగ్గుపడుతూ అతని ఉత్తరీయం అంచు పట్టుకుని మెడలో మాల వేసింది. దైవాన్ని నిదర్శనం అడిగితే దైవత్వం తన గురుతులన్నీ చూపించింది. ఆమె ఆ గురుతులు లేనివాణ్ణి ఎంచుకుంది. వాడిపోయే దండను, చెమటను, నీడను కోరి తీసుకుంది.

ఇంత స్పష్టంగా జవాబు వచ్చిన కథ అక్కడితో సుఖాంతం కావాలి. కాలేదు. దేవతల ఎదుటే మనిషిని వరించిందన్న కోపంతో కలి పగబట్టాడు. 12వ ఏట సందు దొరకగానే నలుణ్ణి ఆవహించాడు. జూదం, రాజ్యం పోవడం, అడవి, నిద్రపోతున్న భార్యను వదిలి నలుడు వెళ్లిపోవడం, ఇవన్నీ ఆ స్వయంవరం కొనసాగింపే. నిదర్శనం దొరకడం కష్టాలకు ముగింపు కాదన్న సంగతిని వ్యాసభారతం ఇంత నిర్మొహమాటంగా చెబుతుంది.

ఇదే కథలో గురుతు కోసం మరో వెతుకులాట ఉంది. రూపం చెడి, బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి సారథిగా వచ్చినవాడు నలుడేనా? ఈసారి దమయంతి దేవతలను పిలవలేదు. కేశిని అనే పరిచారికను పంపి గమనించమంది. పొట్టి గుమ్మం దగ్గర అతను వంగడు, గుమ్మమే లేస్తుంది. చూస్తే ఖాళీ కుండలు నీళ్లతో నిండుతాయి. పట్టుకుంటే గడ్డి మండుతుంది, నిప్పు మాత్రం అతన్ని కాల్చదు. చేతిలో నలిపిన పూలు ఇంకా తాజాగా తయారవుతాయి. చివరికి అతను వండిన మాంసం తెప్పించుకుని రుచి చూసింది. ఈ విద్యల్లో చాలావరకు పెళ్లినాడు అగ్ని, వరుణుడు, యముడు నలుడికి ఇచ్చిన వరాల ఫలమే. ఆనాడు సభలో ఒక్క క్షణం మెరిసిన దైవ నిదర్శనం, ఏళ్లు గడిచాక వంటింటి కుండలో, పొయ్యిలో, కూర రుచిలో కనిపించింది. ఆమె దాన్ని నాలుకతో పోల్చుకుంది. అప్పటికీ భర్త మనసులో ఒక శంక మిగిలితే, తాను తప్పు చేసి ఉంటే ప్రాణం తీయమని వాయువు, సూర్యుడు, చంద్రుల మీద ఒట్టు పెట్టుకుంది. ఆకాశం నుంచి వాయువు ఆమె నిర్దోషి అని పలికాడు.

ఈ ఒట్టులోని కత్తి పదును ఉత్తరకాండలోని సీత దగ్గర పూర్తిగా బయటపడుతుంది. నిండు సభలో శుద్ధిని రుజువు చేసుకోమన్నారు. సీత తల వంచి, రాముణ్ణి తప్ప మరొకరిని మనసులోనైనా తలచనిదాన్నైతే భూదేవి నాకు చోటివ్వాలి అంటుంది. భూమి విచ్చుకుంటుంది, సింహాసనం పైకి వస్తుంది, సీత దానిమీద కూర్చుని వెళ్లిపోతుంది. 1963 నాటి ‘లవకుశ’ సినిమాలో ఈ ఘట్టం చూసి ఏడ్చిన తరాలు తెలుగునాట ఉన్నాయి. ఏడిపించేది కేవలం వియోగం కాదు. సభ అడిగిన రుజువు దొరికింది, కానీ ఆ రుజువు ఎవరి కోసం అడిగారో ఆ మనిషి దక్కలేదు. నిదర్శనాన్ని, వీడ్కోలును సీత ఒకే వాక్యంలో కలిపి అడిగింది. ఇకపై రుజువు అడిగే అవకాశమే ఎవరికీ మిగలకుండా చేసింది. లోకం ముందు మళ్లీ మళ్లీ నిలబడవలసి వచ్చిన స్త్రీ ఇచ్చిన ఇంతకన్నా గట్టి జవాబు సాహిత్యంలో అరుదు.

అడిగేవాడికి నమ్మకం బొత్తిగా లేకపోతే? పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు, ఎక్కడ చూసినా ఉన్నాడంటున్నావే, ఈ స్తంభంలో చూపించగలవా అని కొడుకును నిలదీస్తాడు. అదీ నిదర్శనం అడగడమే, కాకపోతే రాదన్న ధీమాతో అడగడం. ప్రహ్లాదుడికి ఆ అవసరమే లేదు. అన్ని చిత్రహింసల్లోనూ అతను ఒక్క గురుతూ కోరలేదు. స్తంభం పగిలింది రుజువు అడిగినవాడి కోసమే, అది అతని చావై వచ్చింది. ఈ ఇద్దరి మధ్యలో ఎక్కడో గజేంద్రుడు ఉంటాడు. మొసలి పట్టు బిగిసి, బలం ఉడిగి, ‘కలడు కలండనెడివాడు కలడో లేడో’ అని అనుమానాన్ని పైకే అనేస్తాడు. భక్తుడి నోట ఈ మాట పెట్టడానికి పోతన వెనుకాడలేదు. సందేహం వెళ్లగక్కాకే ‘నీవే తప్ప నితఃపరం బెఱుగ’ అన్న శరణాగతి వస్తుంది. ఆ వరుస తారుమారైతే ఆ పద్యాల బలం సగం పోతుంది.

తెలుగు భక్తి సినిమాల్లోనూ, ఇప్పటి ధారావాహికల్లోనూ ఇదే సన్నివేశం తరచూ పలచబడిపోవడానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. కథానాయిక అమ్మవారి ముందు నిలబడి నిష్ఠూరాలాడుతుంది. గంటలు వాటంతటవే మోగుతాయి, విగ్రహం మీది పువ్వు రాలుతుంది. ఆమె ఏమీ పణంగా పెట్టలేదు, ఆ పువ్వు వల్ల ఆమె మీద కొత్త భారమూ పడలేదు. ప్రేక్షకుడికి ముందే తెలిసిన జవాబు మరోసారి వినిపించింది, అంతే. సన్నివేశంలో దేవుడు ఉన్నాడు కానీ మనిషి లేదు.

నవల పుట్టాక సమస్య మారింది. ఆకాశవాణిని పలికిస్తే నమ్మే పాఠకులు తగ్గారు. 1847లో వచ్చిన ‘జేన్ ఎయిర్’లో షార్లట్ బ్రాంటీ దీన్ని పరిష్కరించిన తీరు ఇప్పటికీ రచయితలకు పాఠమే. మతప్రచారానికి భారతదేశం వెళ్లబోతున్న సెయింట్ జాన్ రివర్స్, భార్యగా తన వెంట రమ్మని జేన్‌ను ఒత్తిడి చేస్తాడు. ప్రేమ లేదు, కర్తవ్యం పేరుతో బలవంతం ఉంది. ఆమె మనసు తాను ఇదివరకు పనిచేసిన ఇంటి యజమాని, తాను ప్రేమించిన రోచెస్టర్ దగ్గరే ఉంది. ఆ ఇల్లు విడిచి వచ్చాక అతని జాడ తెలియదు. ఇది దేవుడి ఇచ్ఛేనని తేలితే ఇప్పుడే ఇక్కడే మాట ఇస్తానంటుంది. ఇల్లంతా సద్దుమణిగింది, కొవ్వొత్తి ఆరిపోవస్తోంది, గది నిండా వెన్నెల. దారి చూపించమని వేడుకుంటుంది. ఒళ్లు ఝల్లుమని, ఎక్కడి నుంచో తెలియకుండా రోచెస్టర్ గొంతు ఆమె పేరును మూడుసార్లు పిలుస్తుంది.

ఇక్కడ పందెం ఎంత పెద్దదో గమనించాలి. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా. ఆ రాత్రి ఏ జవాబూ రాకపోతే ఆ మౌనాన్నే అంగీకారంగా తీసుకుని జేన్ వెళ్లిపోయేది. అక్కడి వాతావరణంలో తాను ఎక్కువకాలం బతకనని కూడా ఆమెకు తెలుసు. గొంతు వినగానే ఆమె తోటలోకి పరుగెత్తి, వస్తున్నానని అరుస్తుంది. ఇది మూఢనమ్మకం కాదు, ప్రకృతి చేసిన పనే అని తనకు తాను చెప్పుకుంటుంది. ఆ పిలుపు పట్టుకుని వెళితే ఎదురైంది కాలిపోయిన భవనం, తర్వాత చూపు పోయిన మనిషి. తాను ఫలానా సోమవారం రాత్రి, 11కూ 12కూ మధ్య, దేవుణ్ణి ప్రార్థించి ఆమె పేరు పిలిచానని, ‘వస్తున్నాను’ అన్న జవాబు తనకు వినిపించిందని రోచెస్టర్ అంటాడు. అప్పుడు జేన్ తన వైపు సంగతి చెప్పదు. ఇప్పటికే దెబ్బతిన్న మనసును ఇంకా లోతైన చీకట్లోకి నెట్టడం ఎందుకని దాచుకుంటుంది. రెండు సగాలూ కలిపి చూసేది పాఠకుడొక్కడే. అద్భుతాన్ని నిర్ధారించే పనిని బ్రాంటీ దేవుడి చేతుల్లోంచి తీసి చదువరి చేతుల్లో పెట్టింది.

షుసాకు ఎండో 1966లో రాసిన జపనీస్ నవలకు మౌనం అన్నదే పేరు. 17వ శతాబ్దపు జపాన్‌లో క్రైస్తవులను వెంటాడి చంపుతున్న కాలం. పోర్చుగీసు మతగురువు రోడ్రిగెజ్, తన కళ్లముందే పల్లెజనం సముద్రపు పోటులో కొయ్యలకు కట్టబడి చనిపోతుంటే, దేవుడు ఎందుకు పలకడం లేదని అడుగుతూనే ఉంటాడు. నవలలోని అతి కఠినమైన క్షణం జైలు గదిలో వస్తుంది. చీకట్లో కూర్చుని, క్రీస్తు పడ్డ బాధను తలచుకుంటున్న అతనికి ఎక్కడి నుంచో గురక వినిపిస్తుంది. కాపలావాడు తాగి నిద్రపోతున్నాడనుకుని, ఇంత గంభీరమైన వేళ ఇదేమి శబ్దమని అతనికి నవ్వూ కోపమూ వస్తాయి. అది గురక కాదు. గోతిలో తలకిందులుగా వేలాడదీసిన మనుషుల మూలుగు. అతను విశ్వాసం వదులుకుంటే తప్ప వాళ్లను దింపరు. ఆకాశం వైపు చెవి పెట్టుకుని గురుతు కోసం ఎదురుచూసిన మనిషి, గోడ అవతలి శబ్దాన్ని పోల్చుకోలేకపోయాడు.

తెల్లవారుజామున, విశ్వాసం వదులుకున్నట్టు చూపేందుకు క్రీస్తు ప్రతిమను తొక్కడానికి కాలు ఎత్తినప్పుడు ఆ కంచు ముఖం తొక్కమని పలుకుతుంది. ఇన్నాళ్లూ అడిగిన జవాబు ఇదే అయితే, అది తన విశ్వాసాన్ని తానే అవమానించుకోమన్న ఆజ్ఞగా వచ్చింది. అది దైవం గొంతా, నలిగిపోయిన మనసు గొంతా అని ఎండో తేల్చలేదు. కానీ నవల నడకలో ఒక నిర్ణయం ఉంది. మొదట రోడ్రిగెజ్ ఉత్తరాల్లో అతని గొంతే వింటాం. తర్వాత కథ బయటి నుంచి సాగుతుంది. ప్రతిమను తొక్కిన కొద్దికాలానికి కథనం డచ్చి గుమాస్తా దినచర్యలోకి, చివర జపనీస్ అధికారి రాతల్లోకి జారుకుంటుంది. ఆ రాతల్లో అతను ఒకడా సనెమన్ అనే జపనీస్ పేరుతో, నిఘాలో బతికే ఒక ఖైదీ. ఆ గొంతు విన్నవాడి మనసులోకి వెళ్లే తలుపును రచయితే మూసేశాడు. సరుకులు, తనిఖీలు, వ్రాతప్రతుల లెక్కలు రాసుకునే అధికారులకు ఆ గొంతు గురించి అడగాలని తోచదు.